సొన మరక

“మీరైనా అడగండి, నేనేమన్నానని పెట్టె సర్దుకుంటోందో,” అంది శకుంతల, వంటింటి గుమ్మానికి ఆనుకుని.

ప్రభాకరరావు చేతిలో పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. మామిడికాయ చేత్తో పట్టుకుని ఎన్నాళ్ళకు పండుతుందో చెప్పగలడని నూజివీడు బజారంతా ఆయనకు పేరు. ఆ పేరు గోడకవతల గదిలో ఉన్న కోడలి దగ్గర ఎందుకూ పనికిరాలేదు.

నిన్న సాయంత్రం నుంచి ప్రవల్లిక మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పొద్దున లేస్తూనే పుట్టింటికి ఫోన్ చేసి, అన్నను కారు తీసుకుని రమ్మంది. ఎందుకో చెప్పలేదు. ఆ ప్రవీణ్ కాస్తా విస్సన్నపేటలో బయల్దేరేముందు శకుంతలకే ఫోన్ చేసి, ఏం జరిగింది అత్తయ్యగారూ అని అడిగాడు. ఏం జరిగిందో ఆవిడకు తెలిస్తే కదా చెప్పడానికి.

ఆవిడకు తెలిసిందల్లా ఆదివారం తను జారిన మాట. సతీష్ వస్తువులు ఒక్కొక్కటే బయటికి తీసి, ఫోటోలు పట్టి, ముక్కూమొహం తెలియనివాళ్ళకు చూపించి వంకలు పెట్టించుకోవడం దేనికమ్మా అంది. పోయిన కొడుకు దువ్వెన మీదా చెప్పుల మీదా పరాయివాళ్ళు తీర్పులు చెబుతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? ఊరుకోలేకే అంది. అన్నందుకు ఇప్పుడు కుమిలిపోతోంది. కొడుకు పోయి ఏడాది తిరక్కుండా కోడల్ని సాగనంపిందన్న మాట కూడా తన నెత్తిన పడబోతోందని ఆవిడ భయం.

“నేను అనకుండా ఉండాల్సింది. వెళ్ళి నా మాటగా చెప్పండి. ఫోటోలు తీసుకోమనండి. వాడివి ఏం కావాలంటే అవి తీసుకోమనండి.”

“నీ మాటకు కాదేమోలే.”

“మరి మీరేమైనా అన్నారా?”

“నేనా? నేనేమంటాను? పాపం, అమ్మాయి ఫోటో బాగా రావాలని ఆ టార్చి కూడా తుడిచిపెట్టాను.”

ఎలా తుడిచాడో కూడా చెప్పాడు. ఎండిన సొన మరక అది, నీళ్ళకు లొంగదు, గుడ్డ పెట్టి రుద్దితే అద్దం మీద గీతలు పడతాయి. చుక్క కొబ్బరినూనె వేసి, నాననిచ్చి, పాత పంచె ముక్కతో చుట్టూ తిప్పుతూ తీయాలి. కాయలు సర్దే షెడ్డులో కుర్రాళ్ళకు ఎంత చెప్పినా ఆ ఓపిక రాదు. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. దేవుడు కొన్ని మాటల్ని మనిషి చేత నవ్వుమొహంతోనే పలికిస్తాడు.

“మంచి పనే చేశారు,” అంది శకుంతల.

గోడకవతల ప్రవల్లిక అంతా వింటోంది. చీర మడత పెడుతున్న చేతులు ఆగిపోయాయి.

ఆ టార్చి సతీష్‌ది. కోతల రోజుల్లో చీకటితోనే తోటకు వెళ్ళేవాడు. తొడిమ విరిచినప్పుడు కాయ చిమ్మే సొన వేళ్ళకు అంటుకుంటుంది. ఆ చేత్తోనే టార్చి పట్టుకునేవాడు. సొన ఎండితే వార్నీషులా గట్టిపడిపోతుంది. గత వేసవిలో హనుమాన్ జంక్షన్‌లో లారీకి కాయ ఎక్కించి, బండి మీద తిరిగొస్తూ అతను ఇల్లు చేరలేదు. షెడ్డులో మిగిలిన సామాన్లతో పాటు టార్చి ఇంటికి చేరింది. అద్దం మీద గోధుమరంగు మరక ఎవరూ పట్టించుకోలేదు.

ప్రవల్లిక దాన్ని బాగా దగ్గరగా ఫోటో తీసింది. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే, మరకలో గీతలు కనిపించాయి. ఒకదానివెంట ఒకటి గుండ్రంగా తిరిగిన గీతలు. వాటిని అడ్డంగా కోస్తూ ఒక తెల్లని గాటు. ఆ గాటు ఆమెకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆ బొటనవేలు పట్టుకుని, ఇదేంటని అడిగితే, చిన్నప్పటి కత్తి దెబ్బ అని చెప్పాడు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి చెబితే టార్చి దేవుడి గదిలోకి వెళ్ళిపోతుంది, కుంకం బొట్లు పెట్టించుకుంటుంది. మామగారికి చెబితే ఆయన ఏమైపోతారో తెలియదు. ఇంట్లో అందరూ పంచుకోగా తనకంటూ మిగిలింది ఒకటి ఉండాలనుకుంది. అది తప్పని ఎవరైనా అంటే వాళ్ళకో దండం.

నిన్న మధ్యాహ్నం బజారుకు వెళ్ళొచ్చేసరికి, వరండాలో బల్ల మీద అద్దం తళతళలాడుతోంది.

* * *

ఫోటోల గొడవ ఇంట్లోకి ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి.

కాలేజీలో ప్రవల్లికకు సీనియర్ అయిన దీప్తి బెజవాడలో ఫోటోగ్రఫీ నేర్పుతుంది. సతీష్ పోయాక పలకరించడానికి వచ్చింది. అందరిలా ధైర్యం చెప్పలేదు. ఫోన్‌కు తగిలించుకునే చిన్న లెన్సు ఒకటి చేతిలో పెట్టి, ఇంట్లో ఏదో ఒక వస్తువు దగ్గరికి వెళ్ళి తీయమంది. ఆదివారం ఆదివారం వీడియో కాల్‌లో అందరూ కూర్చుంటారు, తలొక ఫోటో పెడతారు, మిగిలినవాళ్ళు చెబుతారు.

అక్కడ దీప్తి పెట్టిన నియమాలు కఠినం. బాగుంది అనే మాట నిషిద్ధం. ముందు నీ కన్ను ఎక్కడికి వెళ్ళిందో చెప్పాలి. తర్వాత ఎక్కడ ఆగిపోయిందో చెప్పాలి. ఆ తర్వాత మార్చుకోదగ్గది ఒక్కటే చెప్పాలి. అందరూ చెప్పడం అయ్యేదాకా, ఫోటో తీసిన మనిషి నోరు విప్పకూడదు. నేనందుకు అలా పెట్టాను, ఇందుకు ఇలా పెట్టాను అని సంజాయిషీలు చెప్పుకోకూడదు. చెప్పాల్సిందేదో ఫోటోలోనే ఉండాలి.

ప్రవల్లికకు ఆ కాఠిన్యమే నచ్చింది. సతీష్ పోయిన దగ్గర్నుంచి అందరూ ఆమెకు పెట్టింది జాలి ఒక్కటే. వీధిలోకి వెళితే జాలి, కూరగాయల కొట్టు దగ్గర జాలి. ఇక్కడొక్కచోటే, సగం నీడలో పోయింది, మళ్ళీ తీయి అంటున్నారు. ఆ మాట విన్నప్పుడు ఆమెకు తనింకా పనికొచ్చే మనిషినే అనిపించేది. అందుకే ఆ వస్తువులు ఎవరివో వాళ్ళకు చెప్పలేదు. దీప్తి కూడా చెప్పలేదు.

ప్రభాకరరావు మొదట్లో వరండాలో కూర్చుని విననట్టు వినేవాడు. కొడుకు పోయాక ఆ ఇంట్లో మామా కోడళ్ళ మధ్య అన్నం తిన్నారా, మందు వేసుకున్నారా అన్న మాటలు తప్ప మరొకటి లేదు. ఒకరోజు ఆమె తాళాలగుత్తి, పెన్ను, పర్సు, గడియారం కలిపి ఒక ఫోటో తీసి, దాన్నే చూసుకుంటూ కూర్చుంది. ఆయన వెనక నుంచి తొంగిచూశాడు.

“ఇన్ని పెట్టావు. ఇందులో దేన్ని అమ్ముతున్నావమ్మా?”

ఆమెకు నవ్వొచ్చింది. ఎన్నో నెలల తర్వాత వచ్చిన నవ్వు. ఆయనకది కనిపించింది. ఇక ఆగలేదు. ట్రేలో పైవరుస ఎలా పేరుస్తారో చెప్పాడు. ముచ్చికలన్నీ ఒకవైపే ఉండాలి, అప్పుడు కొనేవాడి కన్ను దానంతటది నడుస్తుంది. ఎర్రబారిన బుగ్గ పైకి ఉండాలి. మచ్చ ఉంటే కిందికి తిప్పాలి. కాయకు కాయకు మధ్య కాస్త గాలి వదలాలి. ప్రవల్లిక మిగిలినవన్నీ తీసేసి తాళాలగుత్తి ఒక్కటే పెట్టింది, తాళాలన్నీ ఒకవైపు తిరిగేలా. ఆ ఆదివారం దీప్తి దాని గురించి చాలాసేపు మాట్లాడింది.

అప్పట్నుంచి ఆయనకు ఆదివారం సాయంత్రం కోసం ఎదురుచూపు. కాల్ అయిపోగానే కుర్చీ దగ్గరికి లాక్కుని, “ఏమన్నారమ్మా మనవాళ్ళు?” అనేవాడు. ముక్కూమొహం తెలియని ఆ మనుషులు ఆయనకు మనవాళ్ళు అయిపోయారు. ఎవరేమన్నదీ ఆమె వరసగా చెప్పేది. ఒప్పుకున్నవాటికి తలాడించేవాడు, ఒప్పుకోనివాటికి గొంతు సవరించుకునేవాడు. శకుంతల ఇదంతా వంటింట్లోంచి చూసి, వీళ్ళిద్దరికీ మతి పోయిందనుకునేది. ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ నీ కన్ను ఎక్కడికి వెళ్ళిందని అడగలేదు.

మొన్న ఆదివారం టార్చి ఫోటో వంతు వచ్చింది. పాస్‌పోర్టు ఫోటోలా నడిమధ్యలో కూర్చోబెట్టారు, కాస్త కుడికి జరపమన్నారొకరు. కింద పువ్వుల దుప్పటి అంచు అడ్డమొస్తోంది, కోసేయమన్నారింకొకరు. ఆఖర్న దీప్తి తెర మీద ఆ ఫోటో పెట్టి, మరక చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, దాని మీదుగా ఏటవాలుగా ఒక గీత కొట్టింది. కన్ను వెలుగు దాకా వెళ్ళకుండా ఇక్కడే ఆగిపోతోంది, అద్దం తుడిచి మళ్ళీ తీయండి, లేదంటే ఎడిటింగ్‌లోనైనా తీసేయండి అంది.

నోరు విప్పకూడదు. ప్రవల్లిక విప్పలేదు. తన వంతు వచ్చినప్పుడైనా చెప్పవచ్చు. చెబితే ఆ తెర మీది మొహాలన్నీ ఒక్కసారిగా జాలిమొహాలు అయిపోతాయి. సరే మేడమ్ అని ఊరుకుంది.

సాయంత్రం మామగారు అడిగితే అన్నీ చెప్పింది. కుడికి జరపమన్నారు, దుప్పటి తీసేయమన్నారు, మరక తుడవమన్నారు. మరక అన్నప్పుడు గొంతు మామూలుగానే పెట్టింది. ఆయన తలాడించాడు. ఆ తలాడింపులో ఏముందో ఆమె గమనించి ఉంటే ఎంత బాగుండేది.

* * *

ప్రభాకరరావు కోడలి గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. చేతిలో టార్చి ఉంది.

ఆగిరిపల్లి నుంచి ఎవరో రైతు ఫోన్. పూత మీదే తోటలకు బేరం మాట్లాడుకునే రోజులివి. ఈపాటికి ఆయన రోజుకో తోట చుట్టి రావాలి. రేపు వస్తానని చెప్పి పెట్టేశాడు. ఆ రేపు నెలరోజులుగా వస్తూనే ఉంది.

“ఎండ కిటికీలోంచి పక్కవాటంగా పడుతోందమ్మా. ఇప్పుడు తీస్తే బాగా వస్తుందేమో చూడు,” అన్నాడు, టార్చి చూపిస్తూ.

ప్రవల్లిక తల తిప్పలేదు. ఆయన టార్చిని ఎండకేసి తిప్పాడు. చేసిన పని చూపించుకోవడానికి వచ్చిన మనిషిలా ఉన్నాడు. తర్వాత ఆ వాలకం మారింది. తెరిచిన పెట్టె కనిపించింది. అందులో అన్నిటికంటే పైన సతీష్ చొక్కా ఉంది.

“అత్తయ్య మాటకేనా?”

కాదని తలాడించింది.

“అయితే నేనే. ఏదో చేశాను. ఏం చేశానో తెలియట్లేదమ్మా.” గుమ్మంలోనే కింద కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, గోడ పట్టుకుని కూర్చున్నాడు. “మన రూలు ఉందిగా. బాగుంది, బాగోలేదు అనొద్దు. ఎక్కడ ఆగిపోయావో చెప్పు. నువ్వు చెప్పడం అయ్యేదాకా నేను నోరెత్తను.”

ఆయనకు చెప్పకుండా వెళ్ళిపోవాలనే ఆమె పెట్టె సర్దుకుంది. అది కోపం కాదు. ఈ ఇంట్లో ఉంటే ఏదో ఒక రోజు ఆ మాట నోరు జారుతుంది, జారిన రోజున ఈ మనిషి బతకడు. వెళ్ళిపోతే మహా అయితే పొగరుబోతు కోడలనుకుంటారు. అనుకోనీ. కానీ ఇలా నేల మీద కూర్చుని అడుగుతుంటే, తనకెంతో ఇష్టమైన ఆ నియమమే గుర్తుచేసి అడుగుతుంటే, అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు.

చెప్పింది. ఆయన వైపు చూడకుండా, కిటికీ వైపు చూస్తూ చెప్పింది. అద్దం మీద ఉన్నది మరక కాదని, వేలిముద్ర అని. సతీష్‌ది అని. ఎలా తెలుసో కూడా చెప్పింది. ఎందుకు దాచుకుందో చెప్పింది.

ప్రభాకరరావు నోరెత్తలేదు. ఆమె చెప్పడం అయిపోయింది. అయినా ఎత్తలేదు. టార్చిని కళ్ళ దగ్గర పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. కాయ మీద ఎక్కడైనా మచ్చ మిగిలిందేమోనని చూసే చూపే అది, ఆ చూపు తప్ప ఆయనకు మరొకటి రాదు. ఎక్కడా ఏమీ మిగల్లేదు. తన పనిలో ఎప్పుడూ ఏమీ మిగలనివ్వడు. ఇంకెవరైనా అయితే రెండు రుద్దులు రుద్ది, పోవట్లేదని వదిలేసేవాళ్ళు.

“కొబ్బరినూనె వేశానమ్మా,” అన్నాడు. “ఊరికే తుడిస్తే పోయేది కాదు.”

ఆమె ఏడుపు అప్పుడు బయటికొచ్చింది. నిన్నటి నుంచి రానిది. ఆయన లేచి దగ్గరికి రాలేదు, ఓదార్చలేదు. ఏ మొహంతో ఓదారుస్తాడు?

“పోనీ ఫోటో ఉందిగా. నువ్వు తీసిన ఫోటోలో ఉందిగా.”

ప్రవల్లిక తల అడ్డంగా ఊపింది.

“లేదు మామయ్యగారూ. అందులో నేనే తీసేశాను.”

ఆయనకు అర్థం కాలేదు. ఆమె ఫోన్ తీసి చూపించింది. టార్చి కుడికి జరిగి ఉంది, దుప్పటి అంచు లేదు, అద్దం శుభ్రంగా ఉంది. ఆదివారం సాయంత్రమే ఎడిటింగ్‌లో వేలితో రుద్ది మరక పోగొట్టి, దాని మీదే సేవ్ చేసింది. ఫోన్ నిండిపోతోందని మిగతావన్నీ చెరిపేసింది. చెరిపేసినవి దాచే మూలను కూడా ఖాళీ చేసింది. వంకలు పెట్టిన ఫోటో గ్రూపులో కనపడకూడదని అక్కడా తీసేసింది. నిన్న రాత్రంతా వెతికింది.

“ఎందుకమ్మా?”

“అసలుది టార్చి మీద ఉందిగా అనుకున్నాను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె అసలుది ఉందని ఫోటోలో చెరిపింది. ఆయన ఫోటో బాగుండాలని అసలుది చెరిపాడు. ఎవరు ఎవర్ని ఏమనాలి? ఇద్దరిలో ఒక్కరైనా కాస్త తక్కువ ప్రేమగా ఉండి ఉంటే, ఆ వేలు ఇంకా ఎక్కడో ఒకచోట ఉండేది.

* * *

దీప్తిని అడగమని చెప్పింది ప్రభాకరరావే. ఆవిడ ఎర్ర గీత గీసింది కదా, గీయాలంటే ఫోటో ఆవిడ దగ్గర ఉండాలి కదా అన్నాడు. అంత దుఃఖంలోనూ ఆయన బుర్ర షెడ్డులో పనిచేసినట్టే పనిచేసింది.

ప్రవల్లిక మెసేజ్ పెట్టింది. విషయమంతా రాయలేదు, ఆ వేలు ఎవరిదో మాత్రం రాసింది. వెంటనే దీప్తి నుంచి ఫోన్ వచ్చింది. ప్రవల్లిక స్పీకర్ పెట్టింది.

“ఆ రోజే ఎందుకు చెప్పలేదు ప్రవల్లికా?”

“మీరు మాట్లాడొద్దన్నారు కదా.”

అందరి తప్పులూ చెప్పే మనిషి, తన నియమానికి ఎవరో వంక పెట్టేసరికి తనూ నోరు విప్పలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. అసలు ఫోటో విడిగా దాచలేదు, ఫోన్‌లోకి దించుకున్నదాని మీదే గీసి అలాగే సేవ్ చేసింది. గీత ఉన్న ఫోటో ఒక్కటే ఉంది. పంపిస్తాను అంది.

ఫోటో వచ్చింది. ప్రభాకరరావు లేచి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఒళ్ళో టార్చి, కళ్ళజోడు ముక్కు మీదికి. ఆమె ఫోన్ ఆయన చేతికిచ్చి, రెండు వేళ్ళతో పెద్దది చేసింది. గోధుమరంగు గీతలు పైకి లేచి వచ్చాయి. పొలం చాళ్ళలా ఒకదాని పక్కన ఒకటి తిరిగి ఉన్నాయి. వాటి మీదుగా ఎర్రగీత ఏటవాలుగా దిగింది. గీత కింద ఉన్నవి పోయాయి. అటూ ఇటూ ఉన్నవి మిగిలాయి.

కొడుకు చెయ్యి అంత దగ్గరగా ఆయన ఎప్పుడు చూశాడు? పసివాడిగా ఉన్నప్పుడు చూసి ఉంటాడు. పెద్దయ్యాక ఆ చెయ్యి కాయలు ఎంచడం, ట్రేలు మోయడం, లెక్కలు చెప్పడం మాత్రమే చూశాడు.

“సాఫ్ట్‌వేర్‌తో ఆ ఎర్రగీత తీసేయొచ్చండీ,” అంది దీప్తి ఫోన్‌లోంచి. ఆయన కూడా వింటున్నాడని ప్రవల్లిక అప్పటికే చెప్పింది. “అసలు గీసిన ఆనవాలే కనపడదు.”

“తీస్తే దాని కిందివి బయటికొస్తాయా అమ్మా?”

“రావండీ. పక్కనున్న గీతల్ని చూసి, అలాంటివే అది కల్పించి నింపుతుంది.”

ప్రభాకరరావు ఆలోచించాడు. మచ్చ కిందికి తిప్పి మంచివైపు పైకి పెట్టడమే జీవితమంతా చేసిన మనిషి.

“వద్దమ్మా. మావాడివి ఎన్ని మిగిలితే అన్నే చాలు.”

దీప్తి క్షమించమని ఏదో అనబోయింది. ఆయన ఆపేశాడు. నువ్వు చూసింది మరకే కదమ్మా, నేనూ అదే చూశాను అన్నాడు. కాల్ అయిపోయింది.

“అత్తయ్యకు చెప్పకు,” అన్నాడు చివరికి. “నువ్వు వెళ్ళాలంటే వెళ్ళు, నేను ఆపను. ఆ హక్కు నాకు లేదు. కానీ నేను తుడిచింది వాడి వేలిముద్రేనని దానికి చెప్పకు.”

ఆమె చెప్పనంది. ఆ మాట ఎంతసేపు నిలబడుతుందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

వీధి గేటు దగ్గర కారు ఆగింది. ప్రవీణ్ హారన్ కొట్టాడు. ప్రవల్లిక లేవలేదు. శకుంతల కూడా గేటు దగ్గరికి వెళ్ళలేదు. ఆవిడ కంచంలో పెరుగన్నం కలుపుకుని, ఎలాగైనా నాలుగు ముద్దలు తినిపించాలని గదిలోకే వస్తోంది.

“అన్నయ్య వచ్చాడు. తిని వెళ్ళమ్మా. నా మీద కోపం అన్నం మీద చూపించకు.” కంచం బల్ల మీద పెట్టింది. అప్పుడు మొగుడి చేతిలో ఫోన్ కనిపించింది, కోడలి ఉబ్బిన కళ్ళు కనిపించాయి. “ఏంటది? మళ్ళీ ఏ వంక పెట్టారు?”

ప్రభాకరరావు ఫోన్ పక్కకు తిప్పబోయాడు. ఆవిడ అప్పటికే వంగింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆయన కళ్ళజోడే లాక్కుని పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఏ ఫోటో దగ్గరికీ రాని మనిషి. మధ్యలో పెట్టడాలు, పక్కకు జరపడాలు ఏమీ తెలియని మనిషి.

ఎక్కువసేపు చూడలేదు.

“ఇది మన సతీష్ వేలు కాదూ,” అంది.

ఆవిడ వేలు తెర మీద గాటు వెంట నడిచింది. ఎర్రగీత ఆవిడ కంటికి అసలు ఆనలేదు. పచ్చిమామిడి కాయ కోస్తానని కత్తిపీట మీద కూర్చుని తెగ్గోసుకున్నాడని, ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తితే చీరంతా రక్తమయిందని, కుట్లు వేస్తుంటే ఏడవకుండా తన మొహమే చూస్తూ కూర్చున్నాడని చెప్పింది. చెబుతున్నంతసేపూ నవ్వుతోంది. కళ్ళనీళ్ళు వాటంతటవే కారిపోతున్నాయి. కొడుకు పోయాక ఆవిడ వాడి గురించి నవ్వుతూ మాట్లాడటం అదే మొదలు.

“ఇన్నాళ్ళూ నాకు చూపించలేదేమ్మా? నేనొట్టి పిచ్చిదాన్ని, తీయొద్దన్నాను. ఇలాంటివి తీస్తున్నావని నాకేం తెలుసు?”

బయట ప్రవీణ్ మళ్ళీ హారన్ కొట్టాడు.

శకుంతల కోడలి పక్కన మంచం మీద కూర్చుంది. మొగుడి ఒళ్ళో ఉన్న టార్చి ఆవిడకు కనిపిస్తూనే ఉంది, కానీ దాన్ని చూడటం లేదు. ఆయన భుజం మీది పంచె ముక్క ఇంకా కొబ్బరినూనె వాసన వేస్తోంది.

“ఇది దేని మీద పడిందమ్మా?” అని అడిగింది. “తీసుకురా. ఒక్కసారి దాని మీద చెయ్యి పెట్టుకుంటాను.”

అని చెయ్యి చాపింది.